ముందు ఒళ్లు, తర్వాతే గీత

వేలూరు కోటలోని జలకంఠేశ్వరస్వామి గుడికి వెళ్లినవాళ్లు కల్యాణమండపంలో ఒక శిల్పం దగ్గర తప్పకుండా ఆగుతారు. తల ఒకటే, ఒళ్లు రెండు. ఒకవైపు ఒంటిని అరచేత్తో మూసి చూస్తే ఎద్దు. రెండోవైపు మూస్తే ఏనుగు. వృషభకుంజరమని దీనికి పేరు. తలలో ఒక్క గీత కూడా మారదు. దాని వెనక ఏ ఒళ్లు కనిపిస్తే కన్ను ఆ తలను ఆ జంతువుదిగా చదువుకుంటుంది.

జంతువుల బొమ్మలు నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి మొదటి పాఠం దొరకదు. మేకను గీయమంటే చాలామంది ముక్కు దగ్గర పెన్సిల్ పెట్టి, నుదురు, కొమ్ము, వీపు, తోక, కాళ్లు అంటూ అంచు వెంటే తిరిగి మళ్లీ ముక్కు దగ్గరికి చేరతారు. మేక పక్కవాటుగా నిలబడి ఉన్నంతసేపు ఫరవాలేదు. అది ఇటు తిరిగి చూసిందంటే కథ అడ్డం తిరుగుతుంది. అప్పటిదాకా కంఠతా పట్టిన అంచు ఎందుకూ పనికిరాదు. జంతువు కదిలిన ప్రతిసారీ అంచు మారుతుంది, మారనిది దాని ఒళ్లు. పుస్తకంలో బొమ్మ చూసి అదే గీతను దించమనే డ్రాయింగ్ క్లాసు పిల్లలకు చేస్తున్న అన్యాయం ఇదే. ఏళ్ల తరబడి గీయించినా, ఎదురుగా కట్టేసిన మేకను గీసే ధైర్యం మాత్రం వాళ్లకు రాదు.

దీనికి విరుగుడు, లెక్కల పుస్తకంలో అందరూ చూసిన ఘనాకారాలే. గోళం, స్థూపం, శంకువు, పెట్టె. నాలుగుకాళ్ల జంతువు ఏదైనా మూడు పెద్ద ముద్దలతో మొదలవుతుంది: పక్కటెముకలున్న ఛాతీ, తుంటి, తల. ఛాతీ కోడిగుడ్డు ఆకారం. తుంటిని పెట్టెగా అనుకోవచ్చు, ముఖ్యంగా ఆవులో. ఆవు వెనక పైభాగంలో రెండు ఎముకలు పొడుచుకొచ్చి, పెట్టె మూలలు ఎక్కడున్నాయో అవే చూపిస్తాయి. తల ముందుకు సన్నబడే దిమ్మ. ఈ మూడింటినీ మెడ, నడుము కలుపుతాయి. కాళ్లు స్థూపాలు. చెవులు, కొమ్ములు, వెంట్రుకలు అన్నీ తర్వాత.

ముద్దలు కాగితం మీద చదునుగా కనిపించకుండా చూడటమే అసలు కష్టం. దానికి ఒక గాజు చాలు. కంటికి ఎదురుగా నిలబెట్టి పట్టుకుంటే అది గుండ్రం. కాస్త వాలిస్తే దీర్ఘవృత్తం, ఇంకా వాలిస్తే సన్నని గీత. ఇలాంటి గాజులు ఆవు పొట్టకు, మెడకు, కాలికి తొడిగినట్టు ఊహించి, ఒక్కో చోట అది ఎంత వాలి కనిపిస్తుందో తేలికగా గీసుకోవాలి. పొట్ట ఇటు ఉబ్బిందా, మెడ అటు వెళ్లిందా అన్నది ఆ వాలే చెబుతుంది. ఈ ఒక్క సాధన పట్టుబడితే సగం పని అయినట్టే.

ఒంటి లోపలి సంగతి కొంత తెలియాలి. పశువు వెనక కాలు మధ్యలో వెనక్కి వంగినట్టు కనిపించే కీలును చాలామంది మోకాలనుకుంటారు. అది మడమ. అసలు మోకాలు పైన, పొట్టకు దగ్గరగా ఉంటుంది. ముందుకాళ్ల తీరు మరింత వింత. ఆవుకు, గుర్రానికి మనలా మెడకింద ఎముక ఉండదు. భుజం పలకను ఒంటికి పట్టి ఉంచేవి కండరాలే, అంటే ఛాతీ రెండు కాళ్ల మధ్య కండరాల ఉయ్యాలలో వేలాడుతుంటుంది. అందుకే ఆవు నడిచేటప్పుడు భుజం పలకలు పైకీ కిందికీ కదులుతాయి.

ఇక ఏనుగు. వేలూరు జిల్లాలో గుడియాత్తానికి ఎగువన, కౌండిన్య నది మీది మోర్ధానా జలాశయం వైపు వాళ్లకు దాని సంగతి వేరే చెప్పనక్కర్లేదు. దాదాపు 200 ఏళ్లు ఏనుగు జాడ లేని చిత్తూరు అడవుల్లోకి 1980ల్లో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి మందలు వచ్చాయి. వాటి కోసమే సరిహద్దుకు అవతల, ఆంధ్రప్రదేశ్ వైపు, కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఆ అడవి ఏనుగులే ఇవతలి పొలాల మీదికి దిగుతుంటాయి. రైతుకు అది పెద్ద నష్టం, ప్రాణభయం కూడా. వాటి దగ్గరికి వెళ్లి గీయాలన్న ఆలోచనే వద్దు. ఫొటోలు, రాతి ఏనుగులు చాలు.

అయినా ఘనాకారాలు నేర్చుకోవడానికి ఏనుగును మించిన జంతువు లేదు. నున్నని పెద్ద ముద్దలు, దాచే బొచ్చు దాదాపు లేదు. మన ఏనుగు వీపు పైకి ఉబ్బి ఉంటుంది, ఆఫ్రికా ఏనుగుకు నడుమ లోపలికి దిగుతుంది. మనదానికి నుదుటి మీద రెండు బుడిపెలుంటాయి. గుండ్రని స్తంభంలా కనిపించే పాదం లోపల ఎముకలు మునివేళ్ల మీదే నిలబడి ఉంటాయి, మడమ కింద మెత్తని కొవ్వు దిండు ఉంటుంది. తొండంలో ఎముకే లేదు. మొదట్లో లావుగా, చివర సన్నగా వంగే శంకువుగా దాన్ని గీసి, వరసగా గాజులు తొడిగితే ఎటు మెలిక తిరిగినా అది చదును కాదు.

ఈ చూపు మన చేతిపనివాళ్లకు కొత్తది కాదు. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో బొమ్మ చేసేవారు ఒళ్లు, కాళ్లు, చెవులు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పి చేస్తారు కాబట్టి అక్కడి బొమ్మలు పుట్టడమే గోళాలుగా, స్థూపాలుగా పుడతాయి. తమిళ పల్లెల్లో అయ్యనార్ గుళ్ల ముందు నిలిపే మట్టి గుర్రాల కాళ్లు బోలు స్థూపాలు, వాటి మీద ఒంటిని లేపుకుంటూ వెళతారు. జలకంఠేశ్వరుడి మండపంలో స్తంభాల మీది గుర్రాలు, యాళులనే కల్పిత మృగాలు చెక్కిన శిల్పి మాత్రం రాతి దిమ్మ నుంచి తీసేస్తూ వెళ్లాడు. ఒకరు అతికారు, ఒకరు పెంచారు, ఒకరు తొలిచారు. ఒంటిని అన్ని వైపుల నుంచీ తెలుసుకోకుండా వీళ్లెవరి పనీ సాగదు.

యూరప్‌లో చిత్రకారుడు సెజాన్ 1904లో ఒక యువ చిత్రకారుడికి రాసిన ఉత్తరంలో ప్రకృతిని స్థూపం, గోళం, శంకువులుగా చూడమన్నాడు. 1942లో విడుదలైన డిస్నీ సినిమా ‘బాంబీ’ కోసం చిత్రకారులకు రికో లెబ్రన్ జింక ఎముకల, కండరాల కూర్పును పాఠాలుగా చెప్పాడు. బతికున్న జింకపిల్లలను కూడా స్టూడియోకి తెచ్చారు. ఒకే జింకను వేల భంగిమల్లో గీయాలంటే అంచుగీత ఎంతమాత్రం సరిపోదు మరి.

వేలూరు చుట్టుపక్కల సాధనకు చోట్లకు కొదవ లేదు. అమృతి జంతు పార్కులో జింకలున్నాయి, ఏ వీధిలో చూసినా ఆవులు, మేకలు, కుక్కలు. నెమరువేస్తూ పడుకున్న ఆవుతో మొదలుపెట్టడం మేలు, అది త్వరగా లేవదు. మేక క్షణం నిలవదు కాబట్టి ఒకే కాగితం మీద నాలుగైదు బొమ్మలు పక్కపక్కనే మొదలుపెట్టాలి. అది కదిలితే ఇంకోటి ఎత్తుకోవాలి, పాత భంగిమకు మళ్లీ వచ్చినప్పుడు పాత బొమ్మలోకి వెళ్లాలి. మొదట్లో మూడు ముద్దలు, వెన్ను వంపు, బరువు ఏ కాలి మీద ఉందన్నది పడితే చాలు. చర్మం మీది మచ్చలు, బొచ్చు ముద్దల వంపును అనుసరించి వేస్తేనే ఒంటికి అంటుకుని ఉంటాయి, లేకపోతే బొమ్మ మీద వేరుగా తేలతాయి.