కోటలో కాపురాలు, వీధుల్లో ఓరుగల్లు

వరంగల్ రాతికోట తూర్పు దర్వాజ దగ్గరికి వచ్చేసరికి ఆటో అయినా, బస్సు అయినా వేగం తగ్గించక తప్పదు. దారి నేరుగా లోపలికి పోదు. ఎత్తయిన రాతిగోడల నడుమ ఒకసారి ఇటు, మరోసారి అటు మలుపు తిరిగి గానీ ఊళ్లోకి చేరదు. ఏనుగులతో తలుపులు బద్దలుకొట్టించాలని వచ్చే శత్రుసేనకు పరుగెత్తే జాగా దొరకకూడదని కాకతీయుల నాటి వాస్తుకారులు పెట్టిన మెలిక ఇది. ఏడు వందల ఏళ్లు దాటినా ఆ మెలిక ఇంకా పనిచేస్తూనే ఉంది. ఇప్పుడు దాని దగ్గర నెమ్మదించేది బడికి పోయే పిల్లల ఆటోలు, పొలం నుంచి వచ్చే ట్రాక్టర్లు, కూరగాయల బండ్లు.

కోట అంటే గోల్కొండలాగా టికెట్టు కొని ఎక్కి దిగే కట్టడం అనుకుని వచ్చేవాళ్లకు ఖిలా వరంగల్ కాస్త వింతగా కనిపిస్తుంది. ఇక్కడ కోటలోనే ఊరుంది. తూర్పుకోట, మధ్యకోట, పడమర కోట అనేవి జనం కాపురాలుండే వాడల పేర్లు. కందకం దాటగానే ఇళ్లు, కిరాణా కొట్లు, గుళ్లు, వాటి వెనక పొలాలు. ఒకప్పటి కాకతీయ రాజధాని నడిబొడ్డున ఇవాళ పంటలు పండుతున్నాయి.

ఆ రాజధాని ఎంత పెద్దదో నేల మీద నిలబడి చూస్తే అంతుపట్టదు. మధ్యలో సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసంతో గుండ్రంగా రాతికోట, దాని చుట్టూ 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట, వాటన్నిటినీ చుట్టి పన్నెండు కిలోమీటర్లకు పైబడిన వ్యాసంతో బయటి మట్టికట్ట. హనుమకొండ నుంచి ఓరుగల్లుకు మారిన రాజధానికి గణపతిదేవుడి కాలంలో ఈ రూపం వచ్చింది. ఆయన కూతురు రుద్రమదేవి కోటను మరింత బలపరిచింది. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ ముట్టడించినప్పుడు సుల్తాను సేనను చాలా రోజులు ఆపింది రాతిగోడకన్నా ముందు ఆ మట్టిగోడే. చివరికి 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ చేతిలో నగరం పడిపోయింది. కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. ఓరుగల్లు పేరు కూడా కొంతకాలం సుల్తాన్‌పూర్‌గా మారింది.

నగరానికి కేంద్రంగా ఉన్న స్వయంభూ శివాలయాన్ని అప్పుడే కూల్చారు. దానికి నాలుగు దిక్కులా ఉన్న తోరణాలు మాత్రం మిగిలాయి. దాదాపు పది మీటర్ల ఎత్తున్న ఈ రాతి ద్వారాల మీద హంసలున్నాయి, మకరాలున్నాయి, తామర మొగ్గలున్నాయి. దేవతల బొమ్మలు కనిపించవు. 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో చార్మినార్ చుట్టూ నిలిచింది ఈ తోరణమే. తోరణాల మధ్య విరిగిన స్తంభాలు, నందులు, చూరు రాళ్లు వందలకొద్దీ పరిచి ఉంటాయి. ఎక్కువమంది తోరణం దగ్గర ఫొటో దిగి వెళ్లిపోతారు. కానీ కాకతీయ శిల్పి ఉలి పనితనం చేతికందే ఎత్తులో కనిపించేది ఈ రాళ్లలోనే. కాసేపు వంగి చూడాల్సినవి ఇవే.

పడమరగా కొద్ది అడుగుల దూరంలో ఖుష్ మహల్. పైకి పోయేకొద్దీ లోపలికి వాలే మందపాటి గోడలు, లోపల వరసగా పెద్ద పెద్ద కమానులు. 1500 ప్రాంతంలో ఇక్కడ ఏలిన షితాబ్ ఖాన్ పేరుతో దీన్ని చెప్పుకుంటారు. ఆ గోడల తీరు చూసి తుగ్లక్ కాలపు కట్టడమని చెప్పే చరిత్రకారులూ ఉన్నారు. ఏదైనా, కూలిన గుడీ, ఆ తర్వాతి ఏలికలు కట్టుకున్న కొలువూ ఒకే చూపులో పడే చోటు తెలుగునాట ఇంత స్పష్టంగా మరొకటి కనిపించదు.

ఈ కోటలో ఉండేవాళ్లకు చరిత్ర ఒక చట్టం రూపంలోనూ ఎదురవుతుంది. 2010లో సవరించిన పురావస్తు చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం కూడదు. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి ఉంటేనే కట్టాలి. తాతల నాటి ఇంటికి మరమ్మతు చేయాలన్నా కాగితాలు పట్టుకుని తిరగాలి. రాళ్లను కాపాడాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ తరాలుగా ఆ రాళ్ల మధ్యే బతుకుతున్నవాళ్లను ఆక్రమణదారుల్లా చూస్తే కోట కాపలా బలపడదు. అనుమతులు వాళ్లకు ఊళ్లోనే, తేలిగ్గా దొరకాలి.

కాకతీయుల నాటి ఓరుగల్లు వీధుల సందడిని రాళ్లకన్నా బాగా దాచిపెట్టింది ఒక కావ్యం. వినుకొండ వల్లభరాయుడి పేరిట ప్రసిద్ధమైన 'క్రీడాభిరామం'లో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు పొద్దుటి నుంచి ఈ నగరమంతా తిరుగుతారు. పొట్టేళ్ల పోరు, కోడిపందెం చూస్తారు. పాములవాళ్ల ఆట దగ్గర ఆగుతారు. పల్నాటి వీరుల కథ వింటారు. ఒక్క రూక ఇచ్చి పూటకూళ్లింట్లో కమ్మటి భోజనం చేస్తారు. రాజమార్గంలో ఏనుగులు, గుర్రాలు, బండ్ల నడుమ ఒత్తిడిలో నడుస్తారు. రాజుల యుద్ధాలు శాసనాల్లో దొరుకుతాయి. పూటకూళ్లింటి విస్తట్లో ఏం వడ్డించారో తెలియాలంటే మాత్రం ఈ పుస్తకమే దిక్కు.

ఆ ఒత్తిడి చూడాలంటే ఇప్పుడు వరంగల్ చౌరస్తాకో, బీట్ బజారుకో పోవాలి. లేదంటే మిర్చి కాలంలో పొద్దున్నే ఏనుమాముల మార్కెట్‌కు. ఎండాకాలం మొదలయ్యే రోజుల్లో యార్డంతా ఎర్రబస్తాలే. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి రైతులు రాత్రే వచ్చి బస్తాల మీదే పడుకుంటారు. తెల్లారాక జెండా పాట అనే వేలం. ఆ పాటలో పలికిన ధరే ఆ రోజుకు గరిష్ఠం. తర్వాత కాంటాలు, హమాలీల కేకలు, ఆడ్తిదారుల చిట్టాలు. జెండా పాట ధర ఏ కొద్ది బస్తాలకో దక్కి, మిగతా సరుకు అంతకన్నా తక్కువకు పోతుందన్నది రైతుల పాత గోడు. కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే ఇక్కడి చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటాలా బొద్దుగా ఉంటుంది కనుక దీన్ని టమాటా మిర్చి అని కూడా అంటారు.

హనుమకొండ వైపు ఊరి తీరు వేరు. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి బస్సుల రద్దీకి కూతవేటు దూరంలోనే ఉంటుంది. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి ఒకే చోట మూడు గర్భాలయాలు. ఎదురుగా నల్లరాతి నంది. నంది వెనకనున్న కల్యాణ మండపం ఇసుక పునాది కుంగి ఒరిగిపోతే 2006లో రాయి రాయీ విప్పారు. మళ్లీ పేర్చి, 2024 శివరాత్రికి గానీ తలుపులు తెరవలేకపోయారు. ఒక తరం పిల్లలు ఆ మండపాన్ని నంబర్లు వేసిన రాళ్ల కుప్పగానే చూస్తూ పెరిగారు. ఆలస్యం బాధపెట్టేదే అయినా, మన కాలపు స్థపతులు కాకతీయుల కూర్పును చేత్తో నేర్చుకున్నది ఆ పనిలోనే. ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఈ గుడి ప్రాంగణంలో, సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట కింద ఆడవాళ్లు వేల సంఖ్యలో చేరతారు. పద్మాక్షి గుట్ట ఒకనాటి జైన క్షేత్రం. రాతి మీద తీర్థంకరులు ఇప్పటికీ ఉన్నారు.

మళ్లీ వరంగల్ వైపు వస్తే, మట్టెవాడ, కొత్తవాడలు చేనేత వాడలు. వరంగల్ తివాచీలు 1851లోనే లండన్ మహా ప్రదర్శనకు వెళ్లాయి. నిజాం 1934లో పెట్టిన ఆజంజాహీ మిల్లు వేలమందికి కూడుపెట్టి మూతపడింది. మగ్గాలు మాత్రం ఆగలేదు. కొత్తవాడ నేతన్నలు నేసే నూలు జంపఖానాలు, దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. రెండు రంగుల పోగులు కలిసే చోట ఒకదాన్నొకటి పట్టుకునేలా మెలేసి నేయడం వీళ్ల ప్రత్యేకత. దర్రీని రెండు వైపులా పరుచుకోవచ్చు. ధర తక్కువకు దొరికే మరమగ్గం సరుకుతో వీటికి పోటీ. కొత్త తరం పిల్లలు మగ్గం ఎక్కడం తగ్గింది. తోరణాల దగ్గరికి బస్సుల్లో వచ్చే యాత్రికులకు కొత్తవాడ ఎంతో దూరం కాదు. వాళ్లకు ఆ దారి చెప్పే బోర్డు, నేతగాడి దగ్గరే నేరుగా కొనే వీలు కల్పించడం నగరపాలక సంస్థకూ, పర్యాటక శాఖకూ పెద్ద ఖర్చేమీ కాదు.