కారు అప్పగించేటప్పుడు కలం తీయండి

జనవరి మాసంలో ఢిల్లీ నగరానికి తెల్లవారడం ఆలస్యం. రెండేళ్ల క్రిందట అటువంటి ఒక పొగమంచు ఉదయాన మయూర్ విహార్‌లోని మా యింటి నుంచి నోయిడాకు బయలుదేరాను. పది నిమిషాలు గడవకముందే మీటరు పక్కన ఎర్రదీపం వెలిగింది. నూనె పోసే గిండి ఆకారంలో ఉండే దీపమది. ఆ వెంటనే ఇంజన్‌లోంచి, ఎవరో రేకుడబ్బాలో గులకరాళ్లు పోసి ఊపుతున్నట్లు చప్పుడు వచ్చింది. బండిని పక్కకు తీసి ఇంజన్ ఆపివేశాను. క్రిందికి వంగి చూస్తే చుక్క నూనె కూడా కారడం లేదు. కారవలసినదంతా అప్పటికే కారిపోయింది.

క్రితం సాయంత్రమే ఆ కారును సర్వీస్ చేయించి తెచ్చుకున్నాను. బిల్లు 7,260 రూపాయలు. అందులో ఇంజన్ ఆయిల్ మార్చినందుకు, అన్నీ సరిచూచినందుకు వేరువేరుగా వరుసలున్నాయి. ఇంటికి ఫోను చేస్తే కాపలాదారు చెప్పాడు: మేము కారు నిలిపే చోట చాపంత నల్లని మరక ఉన్నదట.

పాత నూనెను దింపడానికి ఇంజన్ అడుగున ఒక బోల్టు ఉంటుంది. దానికి మెత్తని లోహపు వాషరు ఒకటి తొడిగి బిగించాలి. కొత్త నూనె పోసిన తర్వాత ఆ బోల్టును చేత్తో తిప్పి, స్పానరుతో బిగించడం మరచినట్లయితే ఏమవుతుందో అదే మా కారుకు అయింది. పొరపాటు చిన్నది. కానీ నూనె లేని ఇంజన్‌లో లోహం లోహాన్ని తినివేయడానికి ఎక్కువ సేపు పట్టదు. పసుపు దీపాలు కొన్ని మిమ్మల్ని ఇంటిదాకా వెళ్లనిస్తాయి. ఈ ఎర్రదీపం మాత్రం వంద గజాలు కూడా వెళ్లనివ్వదు. నేను ఆగడం నా తెలివి కాదు, భయం.

కారును లాగించుకొని సర్వీస్ కేంద్రానికి చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్కడి సలహాదారు మర్యాదగానే కాఫీ యిప్పించాడు. "సార్‌ను ఒకసారి మాట్లాడమనండి మేడమ్" అన్నాడు. కారు నా పేరున ఉన్నదని, మాట్లాడవలసినది నేనేనని చెప్పాను. గంట తర్వాత మేనేజర్ వచ్చి నూనె ఉచితంగా పోయిస్తామన్నారు. ఇంజన్ చప్పుడు సంగతి అడిగితే 84,000 రూపాయల ఎస్టిమేట్ చేతికిచ్చారు. "దీపం వెలిగాక కూడా మీరు చాలా దూరం నడిపి ఉంటారు, అందుకు మా బాధ్యత లేదు" అన్నారు.

నేను వృత్తిరీత్యా అనువాదకురాలిని. ఒక్కొక్క మాటకు అర్థమేమిటని అడగడమే నా జీవనోపాధి. ఆ రోజున ఆ అలవాటే నన్ను కాపాడింది. "చాలా దూరం" అంటే ఎంత? వారి గేట్ పాస్ మీద మీటరు అంకె 20,418. నేను ఆగిన చోట సెల్‌ఫోనుతో తీసిన ఫొటోలో 20,431. మధ్యలో 13 కిలోమీటర్లు. అందులో 9 వారి ద్వారం నుంచి మా యింటికి, 4 మా యింటి నుంచి ఆగిన చోటికి. రాత్రంతా నూనె కారింది మా వాకిట్లో. ఆ మరకకూ ఫొటో ఉంది. మేనేజర్ ఆ రెండంకెలను చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. అంతకుముందు నేను పెద్దగొంతుతో అన్న మాటలన్నీ ఆయనపై చేయని పని, ఆ అయిదంకెల సంఖ్యలు రెండూ చేశాయి.

ఒకప్పుడు ఈ కాగితాల అవసరం లేకపోయింది. అంబాసిడర్, పద్మిని కార్ల రోజుల్లో కాశ్మీరీ గేటులో సామాను కొని, చెట్టుక్రింద మేస్త్రీ పక్కన పీట వేసుకొని కూర్చునేవారు యజమానులు. బోల్టు బిగించాడో లేదో కళ్లతో చూచేవారు. 1983 డిసెంబరు 14న గుర్గాఁవ్‌లో తయారైన తొలి మారుతి 800 తాళాలను ప్రధాని ఇందిరాగాంధీ ఢిల్లీ వాస్తవ్యుడొకరికి అందించారు. ఆ కారుతోపాటే కంపెనీ గుర్తింపు గల సర్వీస్ కేంద్రాలూ మధ్యతరగతి జీవితంలోకి వచ్చాయి. అద్దాల గది, చల్లని గాలి, కాఫీ వచ్చాయి. మేస్త్రీ మాత్రం అద్దానికి అవతల కనుమరుగయ్యాడు. ఇప్పుడు మనకూ అతనికీ మధ్య మిగిలిన ఏకైక సాక్షి జాబ్ కార్డు.

ఆ జాబ్ కార్డును మనం చదవకుండానే సంతకం చేస్తాం. నేనూ అంతే. "బ్రేకు వేసినప్పుడు ఎడమ ముందు చక్రం దగ్గర కీచుమంటున్నది" అని మీరు చెబితే, అక్కడ "జనరల్ చెకప్" అని పడుతుంది. అనువాదకులకు తెలిసిన పాపమే యిది: నిర్దిష్టమైన మాటను అస్పష్టమైన మాటగా మార్చడం. రేపు ఆ కీచు పోకపోతే మీరు చెప్పారనడానికి ఆధారం ఉండదు. కనుక మీ ఫిర్యాదును మీ మాటల్లోనే రాయమనండి. మీటరు అంకె, పాత గీతలు, సొట్టలు, లోపల ఉన్న వస్తువులు అందులో పడాలి. మార్చిన పాత భాగాలను తిరిగి ఇవ్వవలెనని రాయించండి. అదనపు పని ఏదైనా మీ అనుమతి లేకుండా చేయరాదని ఒక వాక్యం చేర్చండి. సలహాదారు విసుక్కోవచ్చు. విసుక్కోనివ్వండి.

జాబ్ కార్డు వెనుక సన్నని అక్షరాలలో ఒక షరతు తరచు ఉంటుంది: వాహనం యజమాని బాధ్యత మీదనే ఉంచబడినది అని. దానిని చూచి చాలామంది వెనుదిరుగుతారు. అంత భయపడవలసిన పని లేదని చెప్పే కథ ఒకటి ఢిల్లీలోనే జరిగింది. 1998 ఆగస్టు 1 రాత్రి తాజ్ మహల్ హోటల్‌కు ఒక పెద్దమనిషి మారుతి జెన్ కారులో వచ్చి, తాళాలు హోటల్ మనిషికిచ్చి లోపలికి వెళ్లారు. తిరిగి వచ్చేసరికి కారును ఎవరో ఎత్తుకుపోయారు. చేతికిచ్చిన చీటీమీద బాధ్యత యజమానిదేనని అచ్చువేసి ఉన్నది. కేసు సుప్రీంకోర్టు దాకా నడిచి 2019 నవంబరు 14న తేలింది. తాళాలు తీసుకొని కారును తన ఆధీనంలో ఉంచుకున్నవాడు దానిని జాగ్రత్తగా చూడవలసినదేనని, తన నిర్లక్ష్యాన్ని అచ్చు షరతు చాటున దాచుకోవడం కుదరదని న్యాయస్థానం చెప్పింది. ఇందుకు ఆధారం 1872 నాటి కాంట్రాక్టు చట్టం. మన వస్తువును ఒక పని నిమిత్తం మరొకరి చేతిలో పెట్టినప్పుడు, సామాన్య వివేకం గలవాడు తన సొంత వస్తువును ఎలా చూచుకుంటాడో అలా చూడాలని దాని 151వ సెక్షన్ అంటుంది. హోటల్ వేరు, వర్క్‌షాపు వేరు. కానీ తాళాలు చేతులు మారడం రెండుచోట్లా ఒకటే.

అదే చట్టంలో 170వ సెక్షన్ పనివాని పక్షాన నిలుస్తుంది. ఒప్పుకున్న ప్రకారం శ్రమపడి పనిచేసినవాడు కూలి ముట్టేదాకా వస్తువును అట్టిపెట్టుకోవచ్చు. కనుక బిల్లు మీద తగవు వచ్చినప్పుడు కారును బలవంతాన తీసుకుపోవాలని చూడకండి. బిల్లు మీదనే "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి, తేదీ వేసి, సంతకం చేసి డబ్బు కట్టండి. చెల్లించారు గనుక ఒప్పుకున్నారనే వాదనకు అప్పుడు తావుండదు.

ఇక అడగడంలోనూ ఒక కొలత ఉండాలి. కోపంలో ఉన్న మనిషి కొత్త కారే కావాలంటాడు. 2006లో మారుతి ఉద్యోగ్ సంస్థకు సంబంధించిన ఒక కేసులో, చెడిన భాగాన్ని బాగుచేయడమో మార్చడమో వారంటీలో రాసి ఉన్నప్పుడు కారంతా మార్చమనడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. లోపం నిజంగా పెద్దదైతే సంగతి వేరు. 2017 నవంబరులో ఢిల్లీ-పానిపట్ రహదారిపై ప్రమాదం జరిగినప్పుడు ఒక క్రెటా కారు గాలిసంచులు తెరుచుకోలేదు. యజమానికి గాయాలైనాయి. ఢిల్లీ రాష్ట్ర వినియోగదారుల కమిషన్ పరిహారంతో పాటు కారును మార్చి ఇవ్వమన్నది. 2022 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. గుద్దుకున్న వేగాన్ని, బలాన్ని లెక్కగట్టడానికి కొనుగోలుదారు భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కరలేదని కూడా అన్నది. ఆ మాట చదివినప్పుడు, భౌతికశాస్త్రంలో అత్తెసరు మార్కులు తెచ్చుకున్న నాకు ఎంతో ఊరట కలిగింది.

బయట మరమ్మతు చేయిస్తే వారంటీ పోతుందన్న బెదిరింపు మరొకటి. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలను, మరమ్మతు పరికరాలను బయటివారికి అందకుండా చేస్తున్నారన్నది అభియోగం. స్వతంత్ర మెకానిక్ దగ్గరకు వెళ్లినంత మాత్రాన వారంటీ రద్దు అనే మూకుమ్మడి షరతు పెట్టరాదని కూడా ఆ ఉత్తర్వులో ఉన్నది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. అయితే బయటి పనివాని తప్పువల్లనే నష్టం జరిగితే దానికి కంపెనీ బాధ్యత వహించదు, అది న్యాయమే.

నా కథకు వస్తాను. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఒక పేజీకి మించకుండా ఉత్తరం రాశాను. ఏ తేదీన ఏమి జరిగింది, మీటరు అంకెలేమిటి, నాకు కావలసినదేమిటి, అంతే. విశేషణాలన్నీ కొట్టివేశాను. నా ఎదుట ఇంజన్ విప్పి చూడాలి; దెబ్బతిన్నది వారి ఖర్చుతో బాగుచేయాలి; ఇంజన్‌కు రెండేళ్లు హామీ రాసి ఇవ్వాలి; ఆటోలకు, టాక్సీలకు అయిన ఖర్చు ఇవ్వాలి. గడువు 15 రోజులు. ఒక ప్రతి సర్వీస్ కేంద్రానికి, ఒకటి కంపెనీ వారికి.

ఉత్తరం మడిచేముందు ఒక సంగతి మనసును పట్టుకున్నది. మధ్యాహ్నం వర్క్‌షాపులో ఒక కుర్రవాడు గోడవార నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. బోల్టు బిగించవలసినవాడు అతడేనని వాలకం చూస్తేనే తెలిసింది. "నష్టం వాడి జీతంలోంచి పోతుంది లెండి మేడమ్" అని సలహాదారు నన్ను సంతోషపెట్టడానికన్నట్లు అన్నాడు. 84,000 అంటే ఆ కుర్రవాడికి ఎన్ని నెలల తిండి! ఒకేరోజు ఎన్ని కార్లు అతని చేతికిచ్చారో, బిగించినది సరిచూడవలసిన రెండో మనిషి ఎవరో, అతడెక్కడికి పోయాడో నన్నెవరూ అడగనివ్వలేదు. ఉత్తరం చివర మరొక వాక్యం చేర్చాను: ఈ నష్టాన్ని ఏ పనివాని జీతంలోనుంచీ కోయరాదని నా కోరిక, తనిఖీ చేయవలసిన బాధ్యత సంస్థది.

ఎనిమిదో రోజు వరకు జవాబు లేదు. అప్పుడు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి, 1915 నంబరుకు, ఫోను చేశాను. అక్కడ తెలుగులో కూడా మాట్లాడవచ్చు. వారు తీర్పు చెప్పరు. ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబట్టే ప్రయత్నం చేస్తారు. పెద్ద కంపెనీలు ఆ కబురును కొంత లక్ష్యపెడతాయి. అదీ కాకపోతే జిల్లా కమిషన్ ఉన్నది. 1986 చట్టం స్థానంలో 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం, మీరు నివసించే లేదా పనిచేసే చోటనే ఫిర్యాదు చేయవచ్చు. గుర్గాఁవ్‌లో సర్వీస్ చేయించిన కారుకు ఢిల్లీవాసి గుర్గాఁవ్ దాకా తిరగనక్కరలేదన్నమాట. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్లలోగా వేయాలి. పరీక్షలు అవసరం లేని కేసులు మూడు నెలల్లో, అవసరమైనవి అయిదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ప్రయత్నించాలనే మాటను అనువాదకురాలిగా నేను ప్రత్యేకంగా గమనించాను. చాలా కేసులకు అంతకంటె ఎక్కువ కాలమే పడుతుంది.

నాకు అంతదూరం వెళ్లవలసిన పని పడలేదు. పదకొండో రోజున కంపెనీ ప్రాంతీయ కార్యాలయం నుంచి ఒక ఇంజనీరు వచ్చి నా ఎదుటనే ఇంజన్ విప్పించాడు. బేరింగులమీద గోళ్లతో గీరినట్లు గీతలు పడి ఉన్నాయి. ఆ బోల్టుకు వాషరు పాతదే ఉన్నది. బిల్లులో మాత్రం కొత్త వాషరు ధర వేసి ఉన్నది. ఆ ఇంజనీరు ఆ రెంటినీ చూచి, ఏమీ మాట్లాడకుండా తన కాగితంలో రాసుకున్నాడు. పంతొమ్మిదో రోజున కారు వచ్చింది. బేరింగులు మార్చారు, రెండేళ్ల హామీ రాసిచ్చారు. ప్రయాణపు ఖర్చు ఇవ్వలేదు. రసీదులు చూపమన్నారు, నేను ఆటోలవారి దగ్గర ఏనాడూ రసీదు తీసుకోలేదు. జీతం కోతను గురించి అడిగిన వాక్యానికి వారి ఉత్తరంలో జవాబే లేదు.

కారు తీసుకోవడానికి వెళ్లినప్పుడు ఆ కుర్రవాడు అక్కడే ఉన్నాడు. కారు ఇంకా లిఫ్టు మీదనే ఉన్నది. "మేడమ్, ఒకసారి క్రిందికి వచ్చి చూడండి" అని పిలిచాడు. వెళ్లాను. చేతిలోని దీపాన్ని ఎత్తి బోల్టు వైపు చూపించాడు. బోల్టు తలమీద నుంచి ఇంజన్ అడుగువరకు తెల్లరంగుతో ఒక సన్నని గీత గీసి ఉన్నది. బోల్టు ఏమాత్రం కదిలినా ఆ గీత రెండుగా విడిపోతుందట.

"ఇప్పుడు అన్ని బండ్లకూ గీస్తున్నాను" అన్నాడు.