గూడు చెదరకుండా ఫోటో తీద్దాం

వేసవి సెలవులు రాగానే పిల్లాపాపలతో ఎటైనా వెళ్ళి రావాలని అందరికీ ఉంటుంది. ఒక్క పూటలో చూసి రాగలిగి, ఖర్చు తక్కువై, కెమెరాకు చేతినిండా పని దొరికే చోటు కావాలంటే పక్షుల మడుగును మించినది లేదు. మైసూరు, బెంగళూరు ప్రాంతాల్లో స్థిరపడిన మన కుటుంబాలకు రంగనతిట్టు అలాంటి చోటు.

శ్రీరంగపట్టణం దగ్గర కావేరికి అడ్డంగా పూర్వం కట్టిన ఆనకట్ట వల్ల ఏర్పడిన చిన్న చిన్న లంకలే రంగనతిట్టు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ చొరవతో 1940లో ఇది పక్షుల అభయారణ్యం అయింది. 2022లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. వేడంతాంగల్, చిలికా సరస్సు చలికాలంలో కళకళలాడతాయి. రంగనతిట్టులో వేసవిలో కూడా సంసారాలు సాగుతూనే ఉంటాయి. వానాకాలంలో ఎగువన కృష్ణరాజసాగరం నుంచి నీరు వదిలితే లంకలు మునిగిపోతాయి. ఆలోగా పిల్లలకు రెక్కలు రావాలి.

పడవ మీద

ఉదయం ఎనిమిదిన్నర దాటితే ఎండ ముదిరి, తెల్లని ఈకలు ఫోటోలో సున్నం కొట్టినట్లు వస్తాయి. కాబట్టి మొదటి పడవే మంచిది. పడవ ఊగుతుంది గనుక షట్టర్ వేగం వెయ్యో వంతు సెకనుకు తగ్గకుండా పెట్టుకోండి. ఫోకస్ పక్షి కంటి మీద ఉండాలి. సెల్‌ఫోన్‌తో తీసేవారు జూమ్ చేసి బొమ్మను చెడగొట్టుకోవద్దు. చెట్టు, నీరు, కొంగ కలిసి వచ్చేలా తీస్తే ఆ ఫోటోకే అందం. బండల మీద మొసళ్ళు ఎండ కాచుకుంటూ ఉంటాయి. పిల్లల చేతులు పడవలోనే ఉండనివ్వండి.

ఎర్రకాళ్ళ కొంగ, తెడ్డుమూతి కొంగ, గూడబాతు, నీటికాకి ఇక్కడ సులభంగా కనిపిస్తాయి. నత్తగుల్ల కొంగ ముక్కును జాగ్రత్తగా చూడండి. మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తలను పట్టి తినడానికి అనువైన ముక్కు అది.

అసలు సంగతి బండల మీద ఉంది. నల్ల టోపీ, పసుపు ముక్కు, చీలిన తోక గల రివర్ టెర్న్ అనే పక్షి గూడంటూ కట్టదు. నేల మీదో, బండ మీదో గుడ్లు పెడుతుంది. మండుటెండలో గుడ్లకు తన ఒంటితోనే నీడ పడుతుంది. పొట్ట ఈకలు నీళ్ళలో తడుపుకొని వచ్చి వాటిని చల్లబరుస్తుంది. మనం దగ్గరకు వెళ్ళి దాన్ని లేవగొడితే కొద్దిసేపటికే గుడ్లు ఎండకు పాడవుతాయి, లేదా కాకి ఎత్తుకుపోతుంది. “ఇంకొంచెం దగ్గరకు పోనివ్వు బాబూ” అని పడవ నడిపే అతన్ని తొందరపెట్టేముందు ఈ మాట గుర్తుంచుకోవాలి. గూటికి అడ్డొచ్చిన కొమ్మ వంచడం, ఫ్లాష్ వెయ్యడం, పక్షి కూత వినిపించి రప్పించడం కూడా కూడనివే. పక్షి మన వైపు మెడ చాచి, చేసే పని మానిందంటే మనం చాలినంత దగ్గరకు వచ్చేశామని అర్థం.

గట్టు మీద

సీతాకోకచిలుకల కోసం దూరం పోనక్కరలేదు. రేల, తంగేడు ఆకుల మీద నిమ్మపండు రంగు సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. జిల్లేడు ఆకులు తిని పెరిగేది నారింజ రంగు రెక్కలది. పెరట్లో కరివేపాకు, నిమ్మ మొక్కలున్నా నల్లరెక్కలవి వస్తాయి. పొద్దున్నే రెక్కలు చాచి ఎండ కాచుకునేటప్పుడు అవి తొందరగా ఎగిరిపోవు. మీ నీడ వాటిపై పడకుండా, మోకాళ్ళ మీద కూర్చుని, వాటి ఎత్తులోనే కెమెరా పట్టండి. తడిమట్టిలో లవణాలు పీల్చే గుంపు కనిపిస్తే కదలకుండా కాచుకోండి. పూలను తీసేటప్పుడు కోయవద్దు. రేలపూల గుత్తిని కిందినుంచి, వెలుతురు రేకుల గుండా వచ్చేలా తీస్తే బంగారంలా ఉంటుంది.

ఇంటికి వచ్చాక

తీసిన వందలో బాగున్నవి పది ఏరి అచ్చు వేయించండి. ఒక్కోదాని కింద తేదీ, ఊరు, తెలుగు పేరు పిల్లల చేతనే రాయించండి. బడిలో వారికి ఇంగ్లీషు పేరు వస్తుంది, వీధిలో కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒడియాయో పేరు వస్తుంది. లకుముకి పిట్ట, పాలపిట్ట, తీతువు అన్న మాటలు మాత్రం అమ్మమ్మ, తాతయ్య నోటినుంచే రావాలి. ఫోటో చూపించి అడిగితే వారికి పేరుతో పాటు కథ కూడా గుర్తుకు వస్తుంది. దాన్ని కూడా ఆల్బంలో రాసుకోండి.