థిన్నర్‌కు ఆ గ్లౌజులు ఆగవు

బెలుం గుహలను నీళ్లు తొలిచింది సున్నపురాయిలోనే. కొలిమిగుండ్ల చుట్టుపక్కల సిమెంటుకు ముడిసరుకు కూడా ఆ రాయే. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ముస్లిం ఇళ్లలో తాపీపని, పెయింటింగ్, మెకానిక్ పని చేసేవాళ్లు ఉంటారు. వాళ్లకు గ్లౌజులంటే షాపులో దొరికిన ఏదో ఒక జత. అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

పొడి సిమెంటు ఏమీ చేయనట్టే ఉంటుంది. నీళ్లు కలిపితే మాత్రం ఘాటైన క్షారం, పీహెచ్ 12 దాటుతుంది. యాసిడ్ పడితే వెంటనే మంట పుడుతుంది. సిమెంటుకు అలా కాదు, కొన్ని గంటలకు గానీ తెలియదు, అప్పటికే చర్మం కాలి ఉంటుంది. అందులోని క్రోమియం వల్ల కొందరికి దురద, పగుళ్లు వస్తాయి. ఆ అలర్జీ ఒకసారి పట్టుకుంటే ఏళ్ల తరబడి వదలదు. అందుకే యూరప్‌లో 2005 నుంచి సిమెంటులో ఈ క్రోమియంకు పరిమితి పెట్టారు.

తాపీపనికి గుడ్డ గ్లౌజులు వేసుకోవడం కంటే ఉత్త చేతులే నయమనిపిస్తుంది. గుడ్డ సిమెంటు నీళ్లను పీల్చి రోజంతా చర్మానికే అంటిపెట్టి ఉంచుతుంది. మణికట్టు దాటి పొడవుండే నైట్రైల్ లేదా పీవీసీ గ్లౌజులు కావాలి.

పెయింటర్ల సంగతి వేరు. చేతికి రంగు అంటి ఉంటే నీళ్లు చర్మాన్ని తాకవు, వుజూ కుదరదు. దాంతో జుహర్ టైముకు చాలామంది థిన్నర్‌తో చేతులు రుద్దుకుంటారు. థిన్నర్ రంగుతోపాటు చర్మంలోని నూనెనూ లాగేస్తుంది. కొంత చర్మం గుండా లోపలికీ పోతుంది. నూనె పెయింటుకైతే వంటనూనె రాసి, గుడ్డతో తుడిచి, సబ్బుతో కడుక్కుంటే చాలావరకు పోతుంది. ముందే గ్లౌజులు వేసుకుంటే ఆ అవస్థే ఉండదు.

అయితే ఏ గ్లౌజులు? ఇంట్లో గిన్నెలు తోమే మామూలు రబ్బరువి పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. పెట్రోలు, డీజిల్, గ్రీజుకు నైట్రైల్ మేలు. కానీ అసిటోన్ ఉన్న థిన్నర్ పల్చటి నైట్రైల్‌ను నిమిషాల్లోనే దాటేస్తుంది. అసిటోన్‌కు బ్యూటైల్ రబ్బరు ఆగుతుంది, పెట్రోలుకు మళ్లీ అదే ఆగదు. అన్నిటికీ పనికొచ్చే గ్లౌజు లేదు. థిన్నర్ పనిలో మందపాటి నైట్రైల్ వాడి, చిందిన వెంటనే మార్చేయాలి.

చిల్లు లేదు కదా అనుకోవడం పొరపాటు. రసాయనం చిల్లు లేకుండానే రబ్బరులో ఇంకి అవతలికి పోగలదు. అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసర్ కేరెన్ వెటర్‌హాన్ చేతి లేటెక్స్ గ్లౌజు మీద 1996 ఆగస్టులో డైమిథైల్ మెర్క్యురీ చుక్కలు పడ్డాయి. గ్లౌజు చిరగలేదు. అయినా పాదరసం ఒంట్లోకి చేరి 1997 జూన్‌లో ఆమె చనిపోయారు. తర్వాత పరీక్షిస్తే, ఆ ద్రవం అలాంటి గ్లౌజును 15 సెకన్లలోపే దాటుతుందని తేలింది.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద 374 అనే అంకె, ఫ్లాస్కు బొమ్మ, దాని కింద ఇంగ్లిష్ అక్షరాలు చూడాలి. ‘కె’ ఉంటే కాస్టిక్ సోడాకు, ‘బి’ ఉంటే అసిటోన్‌కు, ‘ఎఫ్’ ఉంటే టోలుయిన్‌కు పరీక్షించారన్నమాట. పని అయ్యాక గ్లౌజులను పైనుంచి కడిగి, తిరగేసి తీసి, ఆ తర్వాతే వుజూకు కూర్చోవాలి.