వీడియోకు మెతుకు పట్టి చూడటం అవసరమా?

నేను తాడిమర్రి హాస్టల్లో పదో తరగతి వరకు ఉండి, ఇప్పుడు పీజీ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. అందుకని కంప్యూటర్ పని ఏదొచ్చినా అందరూ నాకే చెబుతారు. తెలియక నేను చేసిన ఒక తప్పు గురించే ఈ వ్యాసం.

ఆ మధ్య ఒక వార్షికోత్సవాన్ని అద్దె కెమెరాతో రెండు గంటలపాటు తీశాను. తల్లిదండ్రుల ఫోన్లలో చోటు తక్కువ కాబట్టి 1000 ఎం.బి.లో ఇమడాలి అనుకున్నాను. రాత్రంతా కంప్యూటర్ పనిచేసింది. తెల్లారేసరికి సైజు సరిగ్గా వచ్చింది. ఉపన్యాసాలు అద్దంలా ఉన్నాయి. చెక్కభజన దగ్గరికి వచ్చేసరికి పిల్లల ముఖాలన్నీ చదరపు గళ్ళయిపోయాయి. ఒక తమ్ముడి అమ్మానాన్నలు బెంగళూరులో కూలి పనిలో ఉన్నారు. ఆయమ్మ వీడియో చూసి ఫోన్ చేసి, "దీంట్లో మావోడు యాడుండాడప్పా?" అని అడిగింది. నేనేం చెప్పగలను? కెమెరా కార్డు అప్పటికే చెరిపి ఇచ్చేశాను.

ఎందుకిలా జరిగింది? వీడియోను కుదించే సాఫ్ట్‌వేర్ ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచుకోదు. ముందు బొమ్మకూ ఈ బొమ్మకూ ఉన్న తేడానే ఎక్కువగా రాసుకుంటుంది. మైకు ముందు నిలబడి మాట్లాడే మనిషి వెనుక తెర కదలదు కాబట్టి రాయాల్సింది తక్కువ. చెక్కభజనలో చేతులు, కాళ్ళు, గజ్జెలు అన్నీ కదులుతాయి. పార్నపల్లి దగ్గర చిత్రావతి రిజర్వాయరు అలలు, గాలికి ఊగే చెట్టు ఆకులు, చీకట్లో తీసినప్పుడు కనిపించే చుక్కచుక్కల మచ్చలు కూడా అంతే. వాటిని కుదించడం కష్టం.

ఇప్పుడు లెక్క చూద్దాం. రెండు గంటలంటే 7200 సెకన్లు. 1000 ఎం.బి. అంటే 8000 మెగాబిట్లు. భాగిస్తే సెకనుకు సుమారు 1100 కిలోబిట్లు. శబ్దానికి 100 పోతే బొమ్మకు 1000 మిగులుతాయి. ఆ వెయ్యి చాలుతాయా, చాలవా? ఇది లెక్కతో తేలదు. వీడియోలో ఏముందో దాన్నిబట్టి ఉంటుంది.

దీనికోసమే కుదింపు పరీక్ష పుట్టింది. 2000 తర్వాతి సంవత్సరాల్లో సినిమాను 700 ఎం.బి. సీడీలో పట్టించేవాళ్ళు గార్డియన్ నాట్ అనే సాఫ్ట్‌వేర్‌తో ముందు 5 శాతం సినిమాను మంచి నాణ్యతతో కుదించి చూసేవారు. దాన్నిబట్టి ఒక సీడీ చాలునా, రెండు కావాలా, బొమ్మ కొలత తగ్గించాలా అని తేల్చుకునేవారు.

ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో రెండు దారులున్నాయి. హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండూ దొరుకుతాయి. మొదటిది 'టూ పాస్'. వీడియోను రెండుసార్లు చదివి, మనం చెప్పిన సైజుకు తెస్తుంది. బొమ్మ ఎంత చెడినా సైజు మాత్రం తప్పదు. నా పని చెడింది ఇక్కడే. రెండోది స్థిర నాణ్యత పద్ధతి. ఇది నాణ్యతను నిలబెడుతుంది, సైజు ఎంతవుతుందో చెప్పదు. మనకు రెండూ కావాలంటే, రెండూ కలిసి కుదురుతాయో లేదో ముందే చెప్పేది పరీక్ష ఒక్కటే.

అయితే ఒక మాట. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. వీడియో అన్నం కాదు, మన హాస్టల్ సాంబారు. పైన గరిటె వేస్తే నీళ్ళు, అడుగున వేస్తే పప్పు. ఆరోజు నేనూ పరీక్ష చేశాను, కానీ మొదటి ఐదు నిమిషాల ఉపన్యాసం మీద చేశాను! అలా కాకుండా రెండు గంటల వీడియోలో ప్రతి ఐదు నిమిషాలకు 15 సెకన్ల చొప్పున 24 ముక్కలు తీసుకోవాలి. మొత్తం 6 నిమిషాలు, అంటే 5 శాతం. స్థిర నాణ్యతతో కుదించినప్పుడు ఈ ముక్కలన్నీ కలిసి 75 ఎం.బి. వచ్చాయనుకోండి. ఇరవైతో గుణిస్తే 1500. మనకున్నది 1000. అప్పుడు 1080 వీడియోను 720కి తగ్గించాలి. బొమ్మలోని చుక్కలు సగానికంటే తక్కువవుతాయి. మళ్ళీ పరీక్షించి, చెక్కభజన ముక్కను కంటితో కూడా చూసుకోవాలి.

మరి ఈ శ్రమ అవసరమా? సైజు పరిమితి లేకపోతే అవసరం లేదు. స్థిర నాణ్యత పెట్టి వదిలేయండి. మూడు నిమిషాల పాటకైతే నేరుగా కుదించి చూడటమే సులువు. కానీ సైజు గీత గీసి ఉండి, వీడియో పొడవైనదై, కంప్యూటర్ పాతదైతే తప్పక చేయాలి. ఎనిమిది గంటల పనికి పరీక్ష పట్టేది సుమారు 24 నిమిషాలు. అన్నిటికంటే ముఖ్యం, కుదించిన వీడియోను చివరిదాకా చూసేవరకు అసలు వీడియోను చెరపవద్దు.

ఈసారి చెక్కభజన వీడియో పని నేనే చేస్తానని వార్డెన్ సారుకు చెప్పాను. నేర్చుకోవాలనుకునే తమ్ముళ్ళు నా పక్కన కూర్చోండి. ఈసారి ఆయమ్మకు కొడుకు ముఖం కనబడాలి.