ఏలూరికి చేరిన రచనలు: తొలినాటి తెలుగు స్త్రీల పత్రికలు

1899లో జావా ద్వీపం నుండి కార్తినీ అనే యువతి ఒక డచ్చి స్త్రీల పత్రికలో కలం స్నేహం కోరుతూ ప్రకటన వేయించింది. పన్నెండేళ్ళ వయసు నుండి ఘోషాలో పెరిగిన ఆమెకు ఆ పత్రికే వీధి వాకిలి. ప్రకటన చూసి ఆమ్‌స్టర్‌డామ్ నుండి స్టెల్లా అనే యువతి బదులు రాసింది. కార్తినీ 1904లో, తొలి కాన్పు తరువాత కొద్ది రోజులకే, ఇరవై అయిదేళ్ళకే మరణించింది. ఆమె లేఖలు పుస్తకంగా వచ్చినది 1911లో. జావాలో స్థానికులు మలయు భాషలో 'పుత్రి హిందియా' అనే స్త్రీల పత్రికను ప్రారంభించినది 1908లో.

ఆ సంవత్సరాలలోనే తెలుగులో భండారు అచ్చమాంబ రచనలు సాగించింది. ఆమెకూ బడి చదువు లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటూంటే పక్కన కూర్చుని నేర్చుకున్నదే. భర్త ఉద్యోగరీత్యా ఆమె కాపురం మధ్యపరగణాలలో, తెలుగు వినబడని ఊళ్ళలో. (అరోరాలో ఉండి తెలుగు చదువుకునేవారికి ఆ ఒంటరితనం విడమరచి చెప్పనక్కరలేదు.) అయితే కార్తినీ వలె పరాయి భాషలో పాఠకురాలిని వెతుక్కోవలసిన అవసరం ఆమెకు రాలేదు. 1902లో సత్తిరాజు సీతారామయ్య ఏలూరులో 'హిందూసుందరి'ని ప్రారంభించారు. అచ్చమాంబ 'ధనత్రయోదశి' కథ ఆ యేడు నవంబరులో అందులోనే వెలువడింది. 'స్త్రీవిద్య' అన్న మరో రచనలో భర్త దూరం వెళ్ళవలసి వస్తుంది. ఉత్తరాలు రాసుకోవడానికైనా చదువు నేర్చుకొమ్మని భార్యను బతిమాలతాడు. ఆమె చెప్పే అభ్యంతరాలన్నీ లోకం ఆడవారికి నూరిపోసినవే.

అంతకు ముందు 1883లో వీరేశలింగం 'సతీహితబోధిని' నడిపారు. పేరులోనే ఉన్నది, అది హితబోధ: పురుషుడు చెప్పగా స్త్రీ వినవలసినది. 'హిందూసుందరి' కూడా పాతివ్రత్యమూ గృహనిర్వహణమూ బోధించకపోలేదు. కానీ వినవలసినవారే రాయడం మొదలుపెట్టారు. క్రమంగా సంపాదకత్వం కూడా మొసలికంటి రమాబాయమ్మ వంటి స్త్రీల చేతికి వచ్చింది. ఈ పత్రికలను కేవలం అవి ఇచ్చిన సలహాలను బట్టి అంచనా వేసేవారు ఈ మార్పును గమనించరని నా అభిప్రాయం.

స్త్రీల చేతికి వచ్చినంత మాత్రాన పత్రిక సంస్కరణపక్షం వహించిందనుకోవడమూ పొరపాటే. కాకినాడ నుండి 'సావిత్రి'ని నడిపిన పులుగుర్త లక్ష్మీనరసమాంబ వితంతు వివాహాల విషయంలో వీరేశలింగంతో విభేదించారు. ఆ వ్యతిరేకతను ఒక స్త్రీ తన పేరుతో, తన పత్రికలో ప్రకటించగలగడం కూడా ఆ కాలపు మార్పులో భాగమే.

1928లో మద్రాసులో డాక్టర్ కె. ఎన్. కేసరి స్థాపించిన 'గృహలక్ష్మి' నాటికి లేఖ ఒక సాహిత్యప్రక్రియగా స్థిరపడింది. కనుపర్తి వరలక్ష్మమ్మ 'శారద' పేరుతో స్నేహితురాలికి రాసిన ఉత్తరాల రూపంలో, బాల్యవివాహాలను నిరోధించే శారదా చట్టం వంటి విషయాలను ఇంటింటా చర్చకు పెట్టారు. పత్రికకు వెనుక అండ కేసరి గారి మందుల వ్యాపారం. స్త్రీల ఆరోగ్యానికి తయారుచేసిన 'లోధ్ర' అందులో ప్రధానం. వ్యాపారమూ ఉద్యమమూ ఒకే అట్ట కింద ఇమిడిపోయాయి. 1934లో 'గృహలక్ష్మి స్వర్ణకంకణం' మొదటగా అందుకున్నది వరలక్ష్మమ్మే.

1993లో హైదరాబాదులో మొదలైన 'భూమిక' స్త్రీవాద పత్రికనని తానే చెప్పుకున్నది. 2006 నుండి అది బాధిత స్త్రీల కోసం టెలిఫోను సహాయ కేంద్రాన్ని కూడా నడుపుతున్నది.