వెల్లకిలా తేలే బంగారు చేప చనిపోయినట్టేనా?

ఈ నెల గోడ పత్రికలో సైన్సు పేజీ తొమ్మిదో తరగతి వంతు వచ్చింది. స్టాఫ్ రూము పక్కన ఉన్న అక్వేరియంలో ఎర్ర చేప పొట్ట పైకి పెట్టి తేలుతున్న సంగతి మీ అందరికీ తెలిసినదే. దాని గురించి రోజుకు పదిమంది అడుగుతున్నారు. కావున దాని గురించే రాస్తున్నాను.

మొదట ఒక మాట. చేప వెల్లకిలా తేలినంత మాత్రాన చనిపోయినట్టు కాదు. చెవుల దగ్గర ఉండే మొప్పల మూతలు తెరుచుకుని మూసుకుంటున్నాయా లేదా చూడండి. అవి కదులుతుంటే చేప ఊపిరి పీలుస్తున్నట్టే. మూడో తరగతి చెల్లి ఒకతి పరుగెత్తుకొచ్చి "అక్కా, చేప సచ్చిపోనాది, పారేద్దుమా?" అన్నది. సచ్చిపోలేదు. దానికి జబ్బు చేసింది. జబ్బు చేసిన దాన్ని పారేయం కదా.

చేప అసలు ఎలా తేలుతుంది? ఇది మన భౌతికశాస్త్రంలో తేలియాడే వస్తువుల పాఠమే. నీళ్లలో మునిగిన వస్తువు ఎంత నీటిని పక్కకు నెడుతుందో, ఆ నీటి బరువంత బలంతో నీరు దాన్ని పైకి తోస్తుంది. దీన్ని కనిపెట్టినవాడు ఆర్కిమెడిస్ అని చదివాము. చేప మాంసం, ఎముకలు నీటి కంటే కొంచెం బరువు. అట్లే వదిలేస్తే అది అడుక్కి పోవాలి. పోకుండా దాని ఒంట్లో గాలి తిత్తి గలదు. ఇంట్లో చేపలు కోసినప్పుడు మీరంతా చూసే ఉంటారు. తెల్లగా, నున్నగా, బుడగలాగ ఉంటుంది. తమ్ముళ్లు దాన్ని కాలికింద వేసి టప్పుమని పేలుస్తారు. అదే గాలి తిత్తి. మంచినీటి చేపల్లో అది ఒంటి పరిమాణంలో సుమారు 100కి 7 వంతులు ఉంటుందట. అంత చిన్నదే మొత్తం చేపను నీళ్ల మధ్యలో నిలబెడుతుంది.

మూత బిగించిన ఖాళీ స్టీలు డబ్బా తొట్టిలో వేయండి, తేలుతుంది. అందులో ఇసుక కొంచెం కొంచెం పోస్తూ ఉండండి. ఒక దగ్గర అది పైకీ రాదు, కిందకీ పోదు. ఇంకొక్క చెంచా పోస్తే మునిగిపోద్ది. ఆరోగ్యమైన చేప ఎప్పుడూ ఆ మధ్య లెక్కలో ఉంటుంది. లెక్క తప్పితే తేలిపోవడమో, అడుగున పడిపోవడమో జరుగుతుంది.

బంగారు చేప మనకు పరాయిది కాదు. శీలావతి, బొచ్చె ఉన్న కుటుంబమే దానిది. వెయ్యేళ్ల కంటే ముందు చైనాలో, చెరువు చేపల్లో రంగు మారి పుట్టిన వాటిని ఏరి పెంచి పెంచి దీన్ని తయారు చేశారు. శీలావతిలో లాగే దీని తిత్తి రెండు గదులుగా, మధ్యలో నొక్కిన వేరుశనగ కాయలాగ ఉంటుంది. వెనక గది నుంచి గొంతు దగ్గరకు సన్నని గొట్టం ఉన్నది. ఆ గొట్టంలోంచి గాలి లోపలికి తీసుకోగలదు, ఎక్కువైతే బయటకు వదలగలదు. ముందు గది చిన్న ఎముకల ద్వారా చెవికి కలిసి ఉంటుంది, దాంతో చేపకు బాగా వినిపిస్తుంది. అందుకని అద్దం మీద వేళ్లతో టకటక కొట్టొద్దని మేడమ్ అంటారు.

ఇంకో సంగతి. తిత్తి పొట్ట వైపు ఉంటుంది, బరువైన కండ వీపు వైపు ఉంటుంది. కాబట్టి చేప ఊరికే ఉంటే తిరగబడాలి. రెక్కలు ఆడిస్తూ అది తనను తాను నిటారుగా నిలబెట్టుకుంటుంది. నెత్తి మీద బిందె పెట్టుకుని నడిచేటప్పుడు మెడను మనకు తెలియకుండానే సర్దుకుంటాం చూడండి, అలాగ. నీరసం వస్తే ఆ సర్దుకోవడం తప్పుతుంది, చేప వెల్లకిలా పడుతుంది.

మన గెడ్డలో రాళ్లకు అతుక్కుని ఉండే చిన్న చేపలు కొన్ని ఉన్నాయి కదా. వాటిలో చాలావాటికి తిత్తి బాగా చిన్నదిగా ఉంటుంది. ఉరవడిలో పైకి తేలితే కొట్టుకుపోతాయి, అందుకని వాటికి తేలే పని లేదు.

మరి మన అక్వేరియంలో చేపకే ఎందుకు వచ్చింది? రెండు చేపల్లో ఒకటి పొడుగ్గా ఉన్నది, దానికి ఏమీ కాలేదు. జబ్బు చేసింది గుండ్రటిది, లడ్డులాగ ఉన్నది. షాపులో వాటిని ఒరాండా, ర్యూకిన్, రాంచూ అంటారు. అందం కోసం మనుషులు పొట్టిగా, బొద్దుగా వచ్చేలా పెంచిన రకాలు అవి. ఒళ్లు కుదించేసరికి వెన్నెముక వంగింది, పేగులు, తిత్తి ఒకదాని మీద ఒకటి ఇరుక్కున్నాయి. మేడమ్ ఫోనులో ఎక్స్‌రే బొమ్మ చూపించారు. పొడుగు చేపలో నల్లగా రెండు గదులు చక్కగా కనిపించాయి. బొద్దు చేపలో వెనక గది బాగా చిన్నగా ఉన్నది. నా ఉద్దేశంలో ఇది చేప తప్పు కాదు, దాన్ని అలా కోరుకున్నవాళ్లది.

అయితే ఆకారం ఒక్కటే కారణం కాదు. మనకు విరేచనాలు పట్టుకుంటే ఏ.ఎన్.ఎం. అక్క మొదట ఏమి అడుగుతుంది? "ఏ నీళ్లు తాగినారు?" అని. చేపకు కూడా మొదటి ప్రశ్న అదే. అది నీళ్లలోనే తింటుంది, అందులోనే దొడ్డికి పోతుంది, అందులోనే ఊపిరి పీలుస్తుంది. చేప వదిలే మలినం నుంచి, మిగిలిపోయి కుళ్లిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఫిల్టరు స్పాంజిలో ఉండే మంచి బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషం, నీళ్లలో అవి సున్నా ఉండాలి. నీళ్లు చూడ్డానికి తేటగా ఉన్నా అవి ఉండొచ్చు. రంగు మారే చుక్కల మందుతో పరీక్షిస్తారు. అది మన దగ్గర లేదు. లేకపోయినా చేయగల పని ఒకటి ఉన్నది, రోజూ నాలుగో వంతు నీళ్లు తీసి కొత్త నీళ్లు పోయడం. ట్యాంకులో బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్లు నేరుగా పోస్తే మొప్పలు కాలిపోతాయి. బకెట్లలో ఒక రోజు మూత లేకుండా ఉంచి, తర్వాత పోయాలి. స్పాంజిని కొళాయి కింద సబ్బు పెట్టి తోమకండి. మంచి బాక్టీరియా పోద్ది. తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే పిండాలి.

రెండోది మేత. మనం వేసే గుళికలు పైన తేలతాయి. చేప వాటి కోసం పైకొచ్చి మేతతో పాటు గాలి కూడా మింగుతుంది. పొడి గుళిక కడుపులోకి పోయాక ఉబ్బుతుంది. పైగా చేపకు ఎంత వేసినా ఇంకా కావాలన్నట్టే అద్దం దగ్గరకు వస్తుంది. ఆరో తరగతి వాళ్లు పొద్దున్న, ఏడో తరగతి వాళ్లు మధ్యాహ్నం, వాచ్‌మన్ తాత సాయంత్రం, ఎవరి ప్రేమ కొద్దీ వాళ్లు వేశారు. పేగులు నిండి ఉబ్బితే పక్కనే ఉన్న తిత్తి మీద ఒత్తిడి పడుతుంది.

మూడోది చలి. చేపది మనలాగ వెచ్చని రక్తం కాదు. నీళ్లు చల్లబడితే దాని ఒళ్లూ చల్లబడుతుంది, అరుగుదల మందగిస్తుంది. మన పాడేరు, చింతపల్లి వైపు డిసెంబరు, జనవరిలో రాత్రి చలి 10 డిగ్రీల కంటే కిందకు దిగుతుంది. ఆ చలిలో ఎండాకాలమంత మేత వేస్తే కడుపులో అలాగే ఉండిపోతుంది.

ఇప్పుడు వైద్యం. మేము చేసింది వరసగా చెబుతాను. చేపను వెడల్పు ప్లాస్టిక్ బేసినులోకి మార్చాము. జానెడు లోతు నీళ్లు పోశాము, లోతు తక్కువైతే కిందకీ పైకీ ఈది అలసిపోదు. చేతితో పట్టుకోలేదు, గిన్నెతో నీళ్లతో సహా ముంచి తీశాము. గాలి మోటారు బుడగలు మెల్లగా వచ్చేలా పెట్టాము. బేసినును కిటికీ గాలి తగలని మూల ఉంచాము. వేడి నీళ్లు ఒక్కసారిగా కుమ్మరించకూడదు, ఆ తేడాకే చేప చచ్చిపోతుంది. తర్వాత మూడు రోజులు మేత బంద్. ఇది చూసి ఐదో తరగతి చెల్లెళ్లు మా మీద కోపగించుకున్నారు. పెద్ద చేపకు మూడు రోజుల పస్తు ఏమీ చేయదు, దాని పేగుకు విశ్రాంతి.

నాలుగో రోజు బఠాణీ. ఉడకబెట్టి, తొక్క తీసి, గోరంత ముక్కలు చేసి వేశాము. కొందరు బఠాణీ మందు అనుకుంటారు. మందు కాదు. అందులో పీచు ఉంటుంది, పైగా అది మునుగుతుంది కాబట్టి చేప గాలి మింగదు. అంతవరకే. ఆ తర్వాత మునిగే గుళికలు, అవి కూడా నానబెట్టి, రెండు నిమిషాల్లో తినేసేటంత మాత్రమే.

నీళ్లలో నైట్రైటు ఎక్కువ ఉందన్న అనుమానం ఉంటే ఉప్పు సాయపడుతుంది. లీటరుకు 1 గ్రాము చాలు, అనగా 20 లీటర్ల బేసినుకు 20 గ్రాములు. తూచి, వేరే గిన్నెలో కరిగించి పోయాలి. భేది ఉప్పు అని ఇంకోటి వాడతారు గానీ అది పశువుల డాక్టరుగారిని అడిగి కొలత తెలుసుకున్నాకే. మన సిక్ రూములో గోళీలు మాత్రం పొడి చేసి వేయకండి. అవి మనుషులవి. బాక్టీరియా వల్ల తిత్తి చెడితే దానికి వేరే మందు, అది డాక్టరు చెప్పాలి.

మన చేప ఇప్పుడు పొద్దున్న నిటారుగా ఈదుతోంది. మేత తిన్నాక సాయంత్రం ఒక పక్కకు ఒరుగుతోంది. పూర్తిగా బాగవుతుందా అని అడిగితే, వంకర తిత్తితో పుట్టిన చేపకు అలా ఒరగడం జీవితమంతా ఉండొచ్చు. ఒరిగినా తింటూ, తిరుగుతూ ఉంటే అది బతుకుతున్నట్టే. 2017లో అమెరికాలోని టెక్సాస్‌లో ఒక అక్వేరియం షాపతను ఇలాంటి చేపకే గాలి గొట్టం ముక్కలు, థర్మాకోల్ ముక్కతో చక్రాల కుర్చీ లాంటిది చేసి తొడిగాడు. బంగారు చేప ఆయుష్షు కూడా తక్కువేమీ కాదు. బ్రిటన్‌లో 1956లో జాతరలో గెలుచుకున్న టిష్ అనే చేప 1999 దాకా, 43 ఏళ్లు బతికింది. మా అమ్మ కంటే పెద్దది.

ఆశ వదులుకోవలసిన గుర్తులు కూడా ఉన్నవి. పొలుసులన్నీ పైకి లేచి ఒళ్లు ఉబ్బడం, చాలా రోజులు అడుగున పడి ఉండి ఏమీ తినకపోవడం. అప్పుడు మేడమ్‌కు చెప్పాలి. "పోనీ గెడ్డలో వదిలేద్దాం" అని మాత్రం ఎవరూ అనొద్దు. దాని జబ్బు అక్కడి చేపలకు అంటుకోవచ్చు. బతికితే మరీ ప్రమాదం, అడుగు బురద రేపి, మిగతా చేపల గుడ్లు తింటుంది. గెడ్డ చేప మన కూర.

సంక్రాంతి సెలవులకు మనమంతా ఊళ్లకు పోతాము. పోయేముందు పాపం అని గుప్పెడు మేత వేసి పోకండి, అది కుళ్లి నీళ్లన్నీ పాడవుతాయి. వారం రోజులు మేత లేకపోయినా ఆరోగ్యమైన పెద్ద చేపకు ఏమీ కాదు. వాచ్‌మన్ తాతకు రోజు విడిచి రోజు ఒక బకెట్టు నీళ్లు మార్చమని చెప్పాము. సంతకు వెళ్లేవాళ్లు వచ్చేటప్పుడు పావు కిలో పచ్చి బఠాణీ తెస్తే మా తరగతిలో ఇవ్వండి.

— 9వ తరగతి